దొంగల భయంతో పుట్టిన మందు

బాట పక్కన తోట ఉన్న రైతు బాధ ఏ దేశంలోనైనా ఒకటే. కాయ పండేసరికి దారిన పోయేవాడి చెయ్యి ఊరుకోదు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి ఉత్తరాన ఉండే మెడాక్ ప్రాంతపు ద్రాక్ష రైతులు దీనికో మొరటు ఉపాయం పట్టారు. రాగి లవణమైన మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లను బాట వెంబడి తీగల మీద చిలకరించేవారు. ఆకులూ గుత్తులూ నీలం మరకలతో విషం పూసినట్టు కనిపించేవి. ఇక వాటిని తెంపి నోట్లో వేసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

1882 అక్టోబరు చివర్లో బోర్డో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు పియెర్ మిలార్డె అక్కడి సెయింట్ జూలియన్ తోటల గుండా వెళ్లాడు. బూజు తెగులు సోకి తోటంతా ఆకు రాలింది. బాట పక్క వరసల్లో మాత్రం ఆకు పచ్చగా నిలిచి ఉంది. తోట వ్యవహారాలు చూసే ఎర్నెస్ట్ దవీద్‌ను ఆరా తీస్తే దొంగల సంగతి బయటపడింది.

అసలు ఈ తెగులు ఫ్రాన్స్‌కు కొత్త. అంతకుముందు వాళ్లకు తెలిసింది బూడిద తెగులు. 1845లో ఇంగ్లండులోని ఓ తోటలో బయటపడి, పదేళ్లు తిరక్కుండానే ఫ్రెంచి ద్రాక్ష దిగుబడిని దారుణంగా పడగొట్టింది. గంధకం పొడి చల్లి దాన్ని అదుపులో పెట్టుకున్నారు. ఊపిరి పీల్చుకునేలోపు 1860లలో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే వేరుపురుగు దిగింది. దాన్ని తట్టుకునేవి అమెరికా తీగల వేర్లే గనుక వాటినే తెప్పించి, వాటి మీద ఫ్రెంచి రకాలను అంటు కట్టారు. ఆ పనిలో ముందున్నవాళ్లలో మిలార్డె ఒకడు. ఒక జబ్బుకు మందుగా తెచ్చిన ఆ మొక్కల రాకపోకల్లోనే బూజు తెగులు సముద్రం దాటి, 1878లో ఫ్రాన్స్‌లో కనబడింది.

ఆకు పైన పసుపు రంగు నూనె మరక, అడుగున తెల్లటి బూజు. ఇదీ దాని ఆనవాలు. ఆకు మీద తడి నిలిస్తే చాలు, బీజాలు పగిలి, వాటిలోంచి సన్నని తోకలున్న కణాలు బయటికొచ్చి ఆ నీటి పొరలో ఈదుకుంటూ ఆకు రంధ్రాల దగ్గరికి చేరతాయి. అక్కణ్ణుంచి లోపలికి వేరు పెడతాయి. ఒకసారి లోపలికి చేరాక పైన ఎంత రాగి చల్లినా ప్రయోజనం లేదు. ఆకు మీద రాగి ముందే ఉంటే మాత్రం ఆ ఈదే కణం దారిలోనే చస్తుంది. ఇప్పటి వర్గీకరణలో ఇది అసలు సిసలు శిలీంద్రం కూడా కాదు, నాచుమొక్కలకు దూరపు చుట్టం. తోటలో మాత్రం ఆ తేడా ఎవరూ పట్టించుకోరు.

ఈ కథను అదృష్టం ఖాతాలో వేయడం నాకు మింగుడుపడదు. రాగి కలిసిన నీళ్లలో గోధుమ కాటుక తెగులు బీజాలు మొలకెత్తవని బెనెడిక్ట్ ప్రెవో 1807లోనే రాశాడు. పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. మెడాక్ బాటల మీద ఎన్ని వందలమంది నడిచారో! చూసినదాన్ని పట్టుకుని మూడేళ్లు వేలాడినవాడు మిలార్డె. రసాయన శాస్త్రవేత్త ఉలీస్ గయోన్ అతనికి తోడయ్యాడు. దవీద్ తన అజమాయిషీలో ఉన్న తోటలను ప్రయోగాలకు అప్పగించాడు. పేరు ఆచార్యుడికి దక్కింది గానీ, దవీద్‌కు దక్కాల్సిన వాటా ఇంకాస్త ఉందనిపిస్తుంది.

1885లో మిలార్డె ప్రకటించిన ఈ బోర్డో మిశ్రమం పాళ్లు ఇవి: 100 లీటర్ల నీళ్లలో 8 కిలోల మైలుతుత్తం, విడిగా 30 లీటర్లలో 15 కిలోల సున్నం. రెండూ కలిపి చిన్న చీపురుతో ఆకుల మీద జల్లాలి. ఎంత చిక్కటి మందో చూడండి! తర్వాత పాళ్లు తగ్గుతూ వచ్చి, ఇవాళ మన తోటల్లో 100 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం దగ్గర నిలిచాయి. సున్నం చాలకపోతే ఆకు మాడుతుంది. అందుకే మిశ్రమంలో ఇనుప చాకు ముంచి చూడమంటారు. చాకుకు ఎర్రటి పూత పట్టిందంటే ఇంకొంచెం సున్నం పడాలి. ఇనప డ్రమ్ములో కలపకూడదు, కలిపింది ఆ రోజే వాడేయాలి.

మన గోదావరి డెల్టాలోనూ ఈ జాతి తెగులు ఒకటి తాటిచెట్లను తిన్నది. మొవ్వు కుళ్లి చెట్టు చచ్చేది. భారత ప్రభుత్వ శిలీంద్ర శాస్త్రవేత్త ఎడ్విన్ జాన్ బట్లర్ దాన్ని పరిశీలించి 1907లో ఆ సూక్ష్మజీవికి పేరు పెట్టాడు. ఎత్తైన తాడి మొవ్వులోకి మందు కొట్టడం అయ్యే పనేనా? తెగులు తగిలిన చెట్ల తలలు నరికి కాల్చడమే దారైంది.

నల్లగొండ, అనంతపురం బత్తాయి తోటల్లో బంక తెగులు తెచ్చేది కూడా ఆ తాటి తెగులు కుటుంబమే. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. కుళ్లిన బెరడు గీకేసి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో చేసిన బోర్డో పేస్టు పూస్తారు. పూత ఒక్కటే పెట్టి, పాదులో నీళ్లు మొదలుకు తగిలేలా వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. మొదలు చుట్టూ ఒక గట్టు, దాని అవతల ఇంకో గట్టు వేసి రెంటి మధ్య నీళ్లు పెట్టడం, రంగపూర్ నిమ్మ వేరు మీద అంటు కట్టిన మొక్క తేవడం, ఈ రెండూ పేస్టు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

రాగితో ఒక చిక్కుంది. నేలలో పడ్డది ఎక్కడికీ పోదు, కుళ్లదు, కరగదు. తరాల తరబడి చల్లిన ఫ్రెంచి ద్రాక్ష నేలల్లో అది పేరుకుపోయి వానపాములకూ, లేత వేర్లకూ చేటవుతోంది. సేంద్రియ రైతులకు సైతం అనుమతి ఉన్న మందే అయినా, ఐరోపా సమాఖ్య 2019 నుంచి ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని హద్దు గీసింది. ఈలోగా ఫ్రెంచి శాస్త్రవేత్తలు అమెరికా అడవి ద్రాక్షల నుంచి నిరోధక శక్తిని తీసుకుని కొత్త రకాలు పెంచారు. ఆర్తబాన్, ఫ్లోరియల్, విడోక్, వోల్టిస్ అనే నాలుగు 2018లో నమోదయ్యాయి. బూజు తెగులు కొత్త రూపు ఎత్తి వీటినీ లొంగదీసుకోకుండా, ఏడాదికి ఒకటి రెండు సార్లయినా మందు కొట్టమనే రైతులకు చెబుతున్నారు.