తొలకరి వాసనకు ఇంగ్లీషులో పేరు పుట్టిన కథ

పాల్మాకుల, శంషాబాద్ చుట్టుపక్కల చెలకల మీద మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మట్టి వాసన గుప్పుమంటుంది. అది ఏ వాసనో అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో మాత్రం దానికంటూ ఒక సొంత పేరు పుట్టింది 1964లోనే.

అలాగని ఆ భాషకు వాసనల మాటలు కరువేం కాదు. స్మెల్ మంచికీ చెడుకీ పనికొస్తుంది. కాఫీ, మసాలాలు ఘుమఘుమలాడితే అరోమా. పూలకూ అత్తరుకూ ఫ్రేగ్రెన్స్. వేటకుక్క ముక్కు పట్టే జాడ సెంట్. ఓడర్ ప్రయోగశాల కాగితాల్లో పెద్దమనిషే, చెమట సంగతి వచ్చేసరికి కంపు. స్టెంచ్ అంటే ఇక ముక్కు మూసుకోవడమే. ఖనిజ శాస్త్రజ్ఞులు మట్టి వాసనను 'ఆర్జిలేషస్ ఓడర్', అంటే బంకమట్టి వాసన, అని సరిపెట్టుకున్నారు.

ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు ఆ పేరు చాలలేదు. వాళ్లు ఎండలో ఎండిన రాళ్ల నుంచి ఆవిరి పట్టి పసుపు రంగు నూనె తీశారు. వానల్లేని రోజుల్లో రాయీ మట్టీ పీల్చి దాచుకున్న నూనె అది. తేమ తగలగానే బయటపడుతుంది. గ్రీకులో 'పెట్రా' అంటే రాయి, 'ఐకోర్' అంటే దేవతల నరాల్లో పారే ద్రవం. రెండూ కలిపి 'పెట్రికోర్' అని 'నేచర్' పత్రికలో పేరు పెట్టారు.

ఉత్తరప్రదేశ్‌లో అప్పటికే ఈ వాసన సీసాల్లో అమ్ముడుపోతోందని కూడా వాళ్లు రాశారు. కన్నౌజ్ అత్తరు పనివాళ్లు కాల్చిన మట్టిని రాగి డేగుల్లో నీళ్లతో మరిగించి, వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. అదే మిట్టీ అత్తరు.

మరుసటి ఏడాది, 1965లో, అమెరికాలో గెర్బర్, లెషవలియే అనే శాస్త్రజ్ఞులు మట్టి వాసనకు మూలమైన ఒక పదార్థాన్ని విడదీసి 'జియోస్మిన్' అన్నారు. నేలలోని స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. ఈ రెండు పేర్లూ ఒకటి కాదు: పెట్రికోర్ వాన పడ్డప్పుడు లేచే మొత్తం వాసన, జియోస్మిన్ అందులో ఒక పాలు.

ఆ పాలే మంచినీళ్లలో కలిస్తే జనం ఫిర్యాదు చేస్తారు, చెరువు చేపకు పడితే బురద వాసన అంటారు. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. చేపను ఉప్పూ నిమ్మరసంతో రుద్ది కడగడం, చింతపండు దండిగా పోసి పులుసు పెట్టడం రుచి కోసమే కాదన్నమాట.