మామిడి బెరడు మీది పాచి: మోయాల్సిన అవసరం లేని నింద

గుజరాత్‌లోని సూరత్ జిల్లా కిమ్ చుట్టుపక్కల పాతిళ్ల పెరళ్లలో మామిడి చెట్టు సాధారణం. వానలు ముదిరేసరికి దాని మొదలు చుట్టూ పచ్చటి నాచు అల్లుకుంటుంది. దీపావళి దాటి గాలి పొడిబారాక ఆ నాచు ముడుచుకుపోయి, బెరడు మీద బూడిద, తెలుపు రంగుల మచ్చలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఈ మచ్చలు లైకెన్లు. చెట్టు కాసినన్నాళ్లూ వాటిని ఎవరూ పట్టించుకోరు. కొమ్మలు ఎండడం మొదలయిందా, నేరం వాటి మీదే పడుతుంది. ఇక కత్తితో గీకడం, సున్నం పూయడం, మైలుతుత్తం కొట్టడం. ఈ అనుమానం కిమ్‌లో పుట్టింది కాదు. దాన్ని తేల్చడానికి శాస్త్రానికే చాలా కాలం పట్టింది.

మన వైద్యానికి, వంటింటికి లైకెన్ ఏనాడూ శత్రువు కాదు. చరకసంహితలో కనిపించే శైలేయం ఇదే. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వూ ఇదే. ఐరోపా పండితులు మాత్రం దాన్ని ఏ కుటుంబంలో చేర్చాలో తేల్చుకోలేకపోయారు. 1753లో లినేయస్ లైకెన్లన్నిటినీ ఒకే ప్రజాతిగా కట్టి శైవలాల సరసన పెట్టాడు. ఆయన శిష్యుడు ఎరిక్ అఖారియస్ 1803 నుంచి వాటిని విడదీసి వర్గీకరించాడు. నాచులకు అలాంటి మేలు యోహాన్ హెడ్విగ్ చేశాడు. ఆయన మరణించాక 1801లో వెలువడిన పుస్తకమే నేటికీ నాచుల పేర్లకు ఆధారం.

అసలు మలుపు 1860లలో వచ్చింది. లైకెన్ ఒక మొక్క కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేస్తున్న కాపురమని స్విట్జర్లాండ్‌కు చెందిన సిమోన్ ష్వెండెనర్ 1867లో ప్రకటించాడు. ఆయన దృష్టిలో శిలీంధ్రం యజమాని, శైవలం బానిస. ఆనాటి పెద్ద లైకెన్ పండితుడు విలియం న్యులాండర్ దీన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. నిజం ష్వెండెనర్ పక్షానే నిలిచింది. 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం చాలా లైకెన్లలో మూడో భాగస్వామిగా ఒక ఈస్టును కూడా చూపింది.

పెరటి చెట్టు తీర్పు ష్వెండెనర్ ఆవిష్కరణలోనే ఉంది. లైకెన్‌కు తిండి వండేది దాని లోపలి శైవలమే, ఎండతో. నీరు వాన నుంచి, మంచు నుంచి. లవణాలు దుమ్ము నుంచి. బెరడు దానికి కూర్చునే చోటు మాత్రమే. నాచుదీ అదే తీరు. మామిడి కొమ్మలోకి వేరు దింపి రసం లాగే బదనికను చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.

ఒక మినహాయింపును మాత్రం దాచకూడదు. డేవిడ్ డగ్లస్ కన్నింగ్‌హామ్ కలకత్తాలో పనిచేస్తూ, ఆకుల కణజాలంలోకి చొరబడే ఒక శైవలాన్ని 1879లో వర్ణించాడు. అదే శైవలం కొన్ని లైకెన్లలో భాగస్వామి కూడా అవుతుందని చూపాడు. మామిడి, జామ ఆకుల మీద నారింజరంగు మఖమల్ చుక్కల్లా కనిపించే ఎర్ర తుప్పు తెగులు ఈ సెఫాల్యూరోస్ శైవలం పనే. దానికి రాగి మందు అవసరం. బెరడు మీది బూడిద మచ్చకు ఆ మందు దండగ.

రెండో మలుపు, లైకెన్ గాలి శుభ్రతకు సూచిక అని తేలడం, మనకు మరీ దగ్గరిది. బట్టల మిల్లుల నగరం మాంచెస్టర్ చుట్టూ లైకెన్లు తగ్గిపోతున్నాయని లియో గ్రిండన్ 1859లో రాశాడు. 1866లో న్యులాండర్ పారిస్ లక్సెంబర్గ్ తోటలోని లైకెన్లను గాలి శుభ్రతకు కొలమానంగా చూపాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ చెట్ల మీది లైకెన్లను బట్టి గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను అంచనా కట్టే పద్ధతి ఇచ్చారు. గ్రిండన్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1860లో, అంకలేశ్వర్ నుంచి ఉత్రాన్‌కు వేసిన రైలు మార్గం కిమ్ మీదుగా మొదలైంది. లాంకషైర్ మిల్లులకు గుజరాత్ పత్తి కావాల్సిన రోజులవి. ఇప్పుడు మిల్లులూ మగ్గాలూ కిమ్ పక్కనే ఉన్నాయి. మన దేశంలో లైకెన్ల అధ్యయనానికి దారి చూపింది లక్నో విశ్వవిద్యాలయపు ధరణీధర్ అవస్థి. ఆయన గుర్తింపు సూచికలు 1988, 1991లలో వచ్చాయి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ మైదానాల మామిడి చెట్లపై కనిపించే పిక్సైన్ కోకోయిస్‌తో వాయుకాలుష్యాన్ని పరిశీలించింది. అది పొగను తట్టుకునే రకం. కాబట్టి అదొక్కటే కనిపిస్తే గాలి బాగుందని మురిసిపోనక్కర్లేదు. అదీ కనిపించకపోతే మాత్రం కంగారు పడాలి.

మరి చెట్టెందుకు ఎండుతోంది? 1950లలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ డ్యామ్ వచ్చాక ఈ జిల్లాలో కాలువల కింద చెరకు విస్తరించింది. చాలాచోట్ల భూగర్భ నీటిమట్టం పైకొచ్చింది. నల్లరేగడిలో నీరు నిలిస్తే మామిడి వేళ్లకు ఊపిరాడదు. పెరడంతా సిమెంటు చేస్తే మరీ నష్టం. వేరు చెడితే ఆకు పలచబడుతుంది, ఆకు పలచబడితే బెరడుకు ఎండ తగులుతుంది, ఎండ తగిలిన చోట లైకెన్ విస్తరిస్తుంది. పాచి వల్ల చెట్టు క్షీణించడం లేదు. చెట్టు క్షీణించడం వల్ల పాచి పెరుగుతోంది. గీకితే గాయమే మిగులుతుంది, ఆ గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది.

కత్తి పక్కన పెట్టండి. మొదలు చుట్టూ సిమెంటు తీసి, నిలిచిన నీటికి దారి చేయండి. నాచు మందంగా ఉన్నచోట చేత్తో తొలగించి, కాండం తొలిచే పురుగు రంధ్రాలున్నాయేమో చూడండి. ఎండిన కొమ్మను పచ్చిభాగం వచ్చేదాకా కోసి, కోతకు బోర్డో పేస్టు పూయండి. మచ్చల జోలికి వెళ్లకండి.