వృద్ధాశ్రమాల్లో భోజన వేళ: గొంతుకు అడ్డుపడే ప్రమాదాలు, నిర్లక్ష్యం, నివారణ

అన్నం తింటుండగా పొలమారితే నడినెత్తిన తట్టి, ఎవరో తలచుకుంటున్నారని చెప్పి, మంచినీళ్లు అందించడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. ఆరోగ్యవంతులకు నాలుగు దగ్గులతో ఆ ఇబ్బంది తీరిపోతుంది. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి, తీవ్రమైన మతిమరుపు ఉన్న వృద్ధులకు మాత్రం అదే పొలమారడం ప్రాణాంతకం కావచ్చు. ఆశ్రమాల్లో ఇటువంటి ప్రమాదాల్లో చాలావాటిని భోజన వేళ తగిన శ్రద్ధ వహిస్తే నివారించవచ్చు.

పిల్లలు ఉద్యోగరీత్యా దూర ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాలకు పుదుచ్చేరి పట్టణంలోనూ, కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు ప్రాంతమైన యానాంలోనూ ఈ విషయంపై అవగాహన అవసరం. మన దేశంలో నర్సింగ్ హోం అంటే సాధారణంగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి. వృద్ధులు దీర్ఘకాలం నివసించే సంస్థను వృద్ధాశ్రమం అంటారు. ఆహారం విషయంలో జాగ్రత్తలు రెండింటికీ వర్తిస్తాయి.

ఎందుకు జరుగుతుంది?

మింగే క్షణంలో గొంతులోని చిన్న మూత వంటి భాగం శ్వాసమార్గాన్ని కప్పివేస్తుంది. వయసు పైబడిన కొద్దీ కండరాల పట్టు సడలి, ఈ చర్య మందగిస్తుంది. పళ్లు ఊడిపోవడం, కట్టుడు పళ్లు సరిగా అమరకపోవడం, నోరు ఎండిపోవడం, మత్తు కలిగించే మందులు ప్రమాదాన్ని పెంచుతాయి. కొందరిలో ఆహారం దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారి, న్యుమోనియాకు దారితీస్తుంది.

తినేటప్పుడు తరచూ దగ్గు, భోజనానంతరం గొంతు తడిబారినట్లు వినిపించడం, ముద్ద నోటిలోనే నిలిచిపోవడం, బరువు తగ్గడం, మళ్లీ మళ్లీ జ్వరం రావడం ముందస్తు హెచ్చరికలు. ఇవి కనిపిస్తే చెవి-ముక్కు-గొంతు నిపుణుడికి గాని, నరాల వైద్యుడికి గాని చూపించాలి. గోరిమేడులోని జిప్‌మర్‌లో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి.

భోజన వేళ పాటించవలసినవి

వృద్ధులను నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. పడుకున్నవారి నోటిలో ఆహారం గాని, నీళ్లు గాని పోయరాదు. చిన్న ముద్దలు పెట్టి, ఒకటి మింగిన తరువాతే మరొకటి అందించాలి. తినేటప్పుడు మాట్లాడించకూడదు. భోజనం ముగిశాక నోరు శుభ్రం చేసి, కనీసం అరగంట సేపు కూర్చోనివ్వాలి.

పొడి ఇడ్లీ, గారె, మురుకులు, వేరుశనగ గింజలు, గట్టి మాంసం ముక్కలు, అంటుకుపోయే మిఠాయిలు మింగడం కష్టమైనవారికి తగవు. సాంబారులో బాగా నానబెట్టి మెదిపిన ఇడ్లీ, పప్పుతో మెత్తగా కలిపిన అన్నం చాలామందికి అనువుగా ఉంటాయి. పలుచని చారులో మెతుకులు తేలే అన్నం తేలికగా కనిపించినా, ద్రవం ముందుగా జారి పొలమారే అవకాశం ఉంది. నీళ్లు, టీ చిక్కగా ఇవ్వాలా అన్నది, మాత్రలు పొడి చేసి ఇవ్వవచ్చా అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

అడ్డుపడితే ఏం చేయాలి?

బాధితులు గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. మాట, దగ్గు, శ్వాస ఆగిపోతే శ్వాసమార్గం పూర్తిగా మూసుకుపోయిందని గ్రహించాలి. నాలుగైదు నిమిషాల్లోనే మెదడుకు హాని మొదలవుతుంది కనుక ఒకరు 108 లేదా 112కు ఫోన్ చేస్తుండగా మరొకరు చికిత్స ప్రారంభించాలి.

బాధితులను ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. ఫలితం లేకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు పైభాగాన పిడికిలి ఉంచి, లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. అడ్డు తొలగేవరకు ఈ రెంటినీ మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే నేలపై పడుకోబెట్టి సీపీఆర్ ప్రారంభించాలి. నోటిలో వస్తువు కనిపిస్తేనే తీయాలి. కనిపించనప్పుడు వేలితో వెతికితే అది మరింత లోపలికి పోతుంది. నీళ్లు తాగించరాదు. నెత్తిమీద తట్టడం వల్ల ప్రయోజనం లేదు. పొట్ట నొక్కిన తరువాత, కోలుకున్నప్పటికీ, లోపలి గాయాల పరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కడ నిర్లక్ష్యం అవుతుంది?

ప్రతి ప్రమాదమూ నిర్లక్ష్యం కాదు. అయితే మింగలేరని తెలిసీ అందరికీ పెట్టే ఆహారమే ఇవ్వడం, ఒకే సహాయకురాలితో అనేకమందికి హడావిడిగా తినిపించడం, కంచం ముందుంచి ఒంటరిగా వదిలివేయడం, పదేపదే వస్తున్న దగ్గును పట్టించుకోకపోవడం సంరక్షణ లోపాలే. ఆశ్రమాన్ని ఎంచుకునే ముందు కుటుంబ సభ్యులు ఒకసారి భోజన సమయంలోనే వెళ్లి చూడటం మేలు. ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవారు రాత్రివేళ కూడా ఉంటారా, ప్రతి ఒక్కరి ఆహార నియమాలు రాసి ఉంచుతున్నారా, బరువు నమోదు చేస్తున్నారా అని అడిగి తెలుసుకోవాలి.

చట్టం, సహాయం

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం నెలకొల్పవచ్చని, అందులో కనీసం 150 మందికి వసతి ఉండాలని, సేవల ప్రమాణాలను ప్రభుత్వం నిర్దేశించవచ్చని 19వ సెక్షన్ చెబుతోంది. సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే 24వ సెక్షన్ ప్రకారం 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ వర్తించవచ్చు. రుసుము చెల్లించి పొందిన సేవలో లోపముంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

వయోవృద్ధుల జాతీయ సహాయ కేంద్రం ఎల్డర్‌లైన్ 14567 నంబరుపై ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల వరకు ఉచితంగా అందుబాటులో ఉంటుంది. వేధింపులు, నిరాదరణకు గురవుతున్న వృద్ధుల గురించి ఇరుగుపొరుగువారు కూడా ఈ నంబరుకు తెలియజేయవచ్చు.