71 నుంచి 57కి

నోరు తెరవండి. ఇంకొంచెం.

తార్నాకలో దంతాల డాక్టర్ కుర్చీలో వెల్లకిలా ఉన్నారు మీరు. అంబర్‌పేట్‌లో బయల్దేరి, విద్యానగర్ మీదుగా, క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాటి వచ్చేదాకా ఒకటే ఆలోచన: ఇవాళ అచ్చు తీస్తే, ఇంట్లో పెళ్లినాటికి పన్ను వచ్చేస్తుంది.

కుడివైపు కింది దవడపన్ను పోయినచోట టైటానియం స్క్రూ దిగి నాలుగు వారాలైంది. నాలుకతో తడుముతారు. గట్టిగానే ఉంది.

డాక్టరమ్మ దాని మీద చిన్న పెగ్గు బిగిస్తుంది, వేళ్ల బలంతోనే. పెగ్గు తలలో అయస్కాంతం. పెన్నంత పరికరం దగ్గరికొచ్చి, తగలకుండా రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగుతుంది. మీకేమీ తెలియదు. కానీ అయస్కాంత తరంగాలకు పెగ్గు కంపిస్తోంది. ఎముక బిగువుగా పట్టుకుంటే ఆ కంపనం వేగం ఎక్కువ, పట్టు సడలితే తక్కువ. ఆ వేగాన్ని యంత్రం 1 నుంచి 100 లోపు అంకెగా చూపిస్తుంది. ఐఎస్‌క్యూ అంటారు. 70 దాటితే ధైర్యం. 60 లోపైతే ఆగాలి.

స్క్రూ వేసినరోజు 71.

బీప్.

57.

గుండె జారుతుంది. పెగ్గు వదులైనా అంకె తగ్గుతుంది. మళ్లీ బిగిస్తుంది. బుగ్గ వైపు నుంచి. 57. ముందు నుంచి. 60.

చిగురు నొక్కుతుంది. చీము లేదు. అద్దం పిడితో తడుతుంది. కదలదు.

"నొప్పి లేస్తుందా?"

లేదు. మరెందుకు తగ్గింది?

తొలిరోజు 71 అంటే, చెక్కలో దిగిన మేకులా పాత ఎముకలో బిగిసిన పట్టు. స్క్రూ చుట్టూ నలిగిన ఆ ఎముకను ఒళ్లే ఇప్పుడు కరిగిస్తోంది. కొత్త ఎముక ఇంకా నిండలేదు. మూడు, నాలుగు వారాల దగ్గర ఈ లోటు మామూలే. 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ తొలి పేషెంటు దవడలో టైటానియం దింపిన నాటి నుంచీ డాక్టర్లు నమ్ముకున్నది ఆ కొత్త ఎముకనే.

ఇప్పుడే పన్ను పెట్టి నమిలితే? స్క్రూ అదురుతుంది. ఆ కదలిక సుమారు 150 మైక్రాన్లు దాటితే చాలు. ఎముక రావాల్సినచోట పీచు కణజాలం పెరుగుతుంది. స్క్రూ పోతుంది.

"అచ్చు తీయమంటారా? నాలుగు వారాలాగి మళ్లీ కొలుద్దామా?"

పెళ్లి. ఫొటోలు. బంధువులు.

57.

"ఆగుదాం."

పెగ్గు విప్పి, స్క్రూ మీద మూత బిగించి, రెండు అంకెలూ ఫైల్లో రాస్తుంది. అంకె పైకెక్కితే అచ్చు. ఇంకా దిగితే ఎక్స్‌రే, మళ్లీ ఆలోచన.

"పెళ్లిలో మటన్ తినొచ్చా?"

"ఎడమవైపు నమలండి."