మాట వెనుక కథ: పోటు

కోనసీమలోని బండారులంకకు పడమటగా పారే గోదావరి పాయ వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ నీరు ఎక్కితే పోటు, దిగితే పాటు. ‘పడు’ నుంచి పాటు వచ్చినట్టే ‘పొడుచు’ నుంచి పోటు వచ్చింది. కత్తిపోటు, వెన్నుపోటు, తలపోటు అన్నీ దాని తోబుట్టువులే.

సముద్రం నిజంగానే ఏటిలోకి పొడుచుకొస్తుంది. ఉప్పునీరు బరువు కనుక మంచినీటి కిందుగా చొరబడుతుంది. పోటు బలంగా ఉంటే రెండూ కలిసిపోతాయి.

ఉత్తర ధ్రువ సముద్రంలోనూ పోటుకు ఇదే పని. చలికాలపు మంచు కింద ఉప్పు తక్కువైన నీరు మైనస్ 1.8 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. ఇంకా లోతున అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని, ఉప్పని నీరు. తేలికైన పైపొర ఆ వేడిని పైకి రానివ్వదు. ఏటవాలు అడుగు మీద పోటుపాట్లు నీటిని కలచినచోట మాత్రం వేడి పైకి చేరి, మంచును పేరుకోనివ్వదు. నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 2014లో మన దేశం దించిన ‘ఇండార్క్’ అనే పరికరాల వ్యవస్థ అక్కడి నీటి వేడినీ ఉప్పునూ కొలిచేందుకే. అందులో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌కూ పాలుంది.

పిల్లలకు ఆటుపోట్ల పాఠం చెప్పే పంతుళ్లు, కోనసీమ రేవుల్లోని ‘పాటు’నూ కలిపి చెప్పాలి.