పాత కారు పార్ట్ ఫారిన్ నుంచి వస్తే.. షిప్పింగ్ బిల్లు ఎవరు కట్టాలి?

ఎంజీబీ, మోరిస్ మైనర్ లాంటి పాత బ్రిటిష్ కార్ల పార్ట్స్ కోసం అమెరికాలో ఉన్నవాళ్లు కూడా చాలాసార్లు బ్రిటన్ వైపే చూస్తారు. పార్ట్ రేటు దగ్గర పెద్దగా గొడవ ఉండదు. పేచీ అంతా రవాణా ఖర్చు దగ్గరే.

మొదటి చిక్కు పెట్టె సైజు. అసలు బరువు, సైజును బట్టి లెక్కేసే బరువు.. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కొరియర్ సంస్థలు చార్జ్ చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తారు. 120, 60, 30 సెంటీమీటర్ల పెట్టెలో 8 కిలోల ఫెండర్ పంపినా బిల్లు 43 కిలోలకు పైనే! కొలతలు తీయకుండా అమ్మినవాళ్లు అంచనాగా రేటు చెప్పేస్తే, ఆ తేడా డబ్బుల మీదే తగాదా.

రెండోది సుంకం. ‘షిప్పింగ్ పెయిడ్’ అంటే కస్టమ్స్ కూడా కట్టేసినట్టు కాదు. డీడీపీ అని రాసుకుంటే దిగుమతి సుంకం అమ్మినవాళ్లది, డీఏపీ అయితే కొన్నవాళ్లది. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ఇప్పుడు చిన్న కార్బ్యురేటర్ కిట్‌కు కూడా బిల్లు పడొచ్చు.

హైదరాబాద్‌కు తెప్పించుకునేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మన కస్టమ్స్ సుంకాన్ని పార్ట్ ధరకు రవాణా, బీమా ఖర్చులు కూడా కలిపి లెక్కిస్తుంది. అంటే షిప్పింగ్ పెరిగితే సుంకమూ పెరుగుతుంది.

అందుకే డబ్బు పంపకముందే పెట్టె కొలతలు, డీడీపీనా డీఏపీనా, వెనక్కి పంపితే ఖర్చు ఎవరిది అన్నవి మెసేజ్‌లో రాయించుకోవాలి. ఫోన్లో అనుకున్న మాటకు తర్వాత రుజువు చూపడం కష్టం.