గంజాం సీమలో తెలుగు క్రైస్తవ కీర్తన - పురుషోత్తమ చౌదరి

మహేంద్రగిరికి ఇరుప్రక్కల వ్యాపించిన కళింగభూమిలో తెలుగునకును ఒడియాకును నడుమ స్పష్టమైన యెల్ల యేనాడును లేదు. అంగడిలో ఒక భాష, ఇంటిలో మరియొక భాష పలుకుట అచటివారికి వింత కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లానుండి బరంపురము, పర్లాకిమిడి మొదలగు పట్టణములు అందు చేరినవి. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు తెలుగు జిల్లాలలో మిగిలినవి. ఇల్లు వదలకయే, ఊరు మారకయే, వేలకొలది తెలుగువారు ఒక్క దినమున భాషాల్పసంఖ్యాకులైరి. వీరిలో క్రైస్తవులొక భాగము. వీరి చరిత్రకు ప్రారంభదశయందే నిలుచువాడు పురుషోత్తమ చౌదరి. ఆయన జీవితమును కష్టములు చుట్టుముట్టినను, ఆయన విడిచిపోయిన సంపద మాత్రము పాట. ఈ రెంటికిని గల సంబంధమే యిచట విచార్యము.

చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆ కుటుంబము పూర్వము వంగదేశమునుండి వచ్చినదని ప్రతీతి. ఒక తావునుండి వచ్చి వేరొక తావున వేరూనినవారి సంతతిలోనివాడు తెలుగు కీర్తనకారులలో అగ్రగణ్యుడగుట, ప్రవాసులగు తెలుగువారు ప్రత్యేకించి గమనింపదగిన సంగతి. పుట్టుకచే వచ్చునది మాత్రమే మాతృభాష కాదు. ప్రార్థించుటకును దుఃఖించుటకును నోటికి వచ్చునది మాతృభాష.

ఇంగ్లండునుండి వచ్చిన జనరల్ బాప్టిస్టు మిషనరీలు 1822లో కటకమున తమ పని నారంభించిరి. అచ్చటనే 1833లో చౌదరి బాప్తిస్మము పొందెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరములు. లోకమెరుగని బాలుడు చేసిన పని కాదు. శాస్త్రసంస్కారము గల గృహస్థు తెలిసి చేసిన నిర్ణయము.

ఆ నిర్ణయమునకు నాడు చెల్లింపవలసిన వెల యెంతయో నేటివారు ఊహించుట కష్టము. పంక్తిభోజనము, బావినీరు, బంధుత్వము, శుభాశుభములకు రాకపోకలు అన్నియు కులముతో ముడివడియుండెను. కులమును వీడినవాడు బ్రతికియుండగనే బంధువులకు మృతుడు. ఈ బహిష్కారము ఆచారముతో నాగక ఆస్తిహక్కును గూడ తాకుచుండెను. ధర్మశాస్త్రానుసారముగా పతితునకు పిత్రార్జితమున భాగము లేదు. 1832లో వంగ రాజధానియందు ఒక నిబంధన యీ విషయమున కొంత రక్షణ కల్పించినది. కాని గంజాం మద్రాసు రాజధానిలోనిది గనుక ఆ రక్షణ యిచటివారికి లభింపలేదు. కంపెనీ పాలనలోని భూభాగమంతటికిని వర్తించునట్లు, మతము మారినను కులము పోయినను వారసత్వపు హక్కు నశింపదని చట్టమైనది 1850లో, ఆ సంవత్సరపు 21వ చట్టము వలన. అనగా చౌదరి అడుగు వైచినది ఆ చట్టమునకు పదునేడేండ్లు ముందు. బంధువుల వైముఖ్యమును, కుటుంబమున కొంతకాలపు ఎడబాటును ఆయన అనుభవించెను.

ఇట్టి స్థితిలో మానవుని మనస్సు రెండు త్రోవలలో ఒకదానిని త్రొక్కును. పోయినదానిని తలంచి క్రుంగుట యొకటి. త్రోసివైచిన సంఘముపై కసి పెంచుకొనుట రెండవది. చౌదరి ఈ రెంటిని విడిచి మూడవ త్రోవ పట్టెను. ఆయన కులాచారములను ఖండించుచు గ్రంథరచన చేసెనను మాట నిజమే. కాని ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినవి ఖండనలు కావు, కీర్తనలు. నూటికి పైబడిన ఆ కీర్తనలలో కవి తన శ్రమల జాబితా చదువడు. దృష్టి తనపై నిలువదు, సిలువపై నిలుచును. పశ్చాత్తాపము, శరణాగతి, క్రీస్తు శ్రమమరణములు, రక్షణానందము అను నాలుగు భావములు ఆ రచనల కాధారస్తంభములు.

క్రైస్తవధర్మమున ఈ దృక్పథమునకు మూలము క్రొత్త నిబంధనయందే కలదు. పౌలును సీలయు ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో కాళ్లకు బొండ వేయబడి, నడిరేయి కీర్తనలు పాడిరని అపొస్తలుల కార్యములు తెలుపుచున్నవి. అదే పట్టణపు సంఘమునకు పౌలు తరువాత చెరలోనుండి వ్రాసిన లేఖలో ఆనందమను మాట మరల మరల వినవచ్చును. ఇచట ఆనందమనగా బాధ లేకుండుట కాదు. బాధ యుండగనే దానికంటె గొప్పదానిని చూచుట. చౌదరి కీర్తనలలో విలాపమును స్తుతియు ఒకదాని ప్రక్క నొకటి నడచుటకు కారణమిదియే.

ఈ భావమును తెలుగువారి హృదయమునకు చేర్చుటలో ఆయన కనుగొన్న మార్గము గొప్పది. ఆంగ్ల గీతములను ఆ బాణీలలోనే తెలిగించినచో నడక కుంటుపడును. ఆంగ్ల ఛందస్సు ఊనికపై నడచును. తెలుగు ఛందస్సు గురులఘువుల కాలముపై నడచును. ఊనిక పడవలసిన చోట హ్రస్వాక్షరము వచ్చినచో పాట పాటగా నుండదు. చౌదరి పల్లవిచరణములు గల దేశీయ కీర్తనరూపమును గైకొని, రాగతాళములు నిర్ణయించి, యతిప్రాసలు పాటించి, భక్తిసాహిత్యమున ప్రజలకు చిరపరిచితమైన పదజాలముతో క్రీస్తును స్తుతించెను. కులము ఆయనను విడిచినది. ఆయన మాత్రము ఆ విద్యను, ఆ సంగీతమును, ఆ భాషను విడువలేదు. వెంట తెచ్చుకొన్న ఆ ధనమునంతను ప్రభువు పాదములకడ నుంచెను.

పాట నిరక్షరాస్యునకు గ్రంథము. తరువాతి కాలమున క్రైస్తవ సంఘములలో చేరినవారిలో అధికసంఖ్యాకులు చదువునకు దూరముగా నుంచబడిన పేదలు. ఒక బ్రాహ్మణకవి కీర్తనను వారు తమదిగా కంఠస్థము చేసికొనిరి. 1866లో ఒడిస్సాను నాశనముచేసి సుమారు పదిలక్షల ప్రాణములను బలిగొన్న 'న అంక' కాటకము గంజామును గూడ బాధించినది. అట్టి కాలములు గడచిన ప్రజలకు సుఖమే దైవానుగ్రహమునకు గుర్తని చెప్పు మతము నిలువదు. సిలువను నడుమ నుంచుకొన్న పాట నిలిచినది.

చౌదరి 1890లో పరమపదించెను. బాప్తిస్మమునకు పిదప ఆయన జీవించిన అర్ధశతాబ్దికి మించిన కాలమే ఆయన యానందము క్షణికావేశము కాదనుటకు సాక్ష్యము. ఆయన కీర్తనలు బాప్టిస్టు, లూథరను, దక్షిణ ఇండియా సంఘము అను భేదము లేక 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున చేరి తెలుగు క్రైస్తవులందరి ఉమ్మడి సొత్తైనవి.

ఎల్ల కావల నిలిచిన తెలుగువారికి ఈ చరిత్రలో మరియొక పాఠమును కలదు. బడిలో ఒడియా, కచేరీలో ఒడియా లేక ఆంగ్లము నడచుచోట, తెలుగు లిపిని బాలురు చూచుటకు మిగులు పుస్తకములలో కీర్తనల పుస్తకము ఒకటి. పెండ్లియింటను మరణశయ్యకడను ఒకే పుస్తకము తెరువబడినపుడు భాష పరీక్షకొరకు నేర్చిన పాఠముగాక, ప్రాణముతో కూడిన అలవాటగును. రాజ్యములు గీచిన యెల్లలు మారవచ్చును. కష్టకాలమున నోటికి వచ్చిన పాట ఏ భాషలోనిదో ఆ భాష మాత్రము ఆ యింట బ్రతికియుండును. పురుషోత్తమ చౌదరి గంజాం తెలుగువారికి ఒసగిన కానుక అట్టిది.